వాచీ అసలుదో కాదో డయల్ చెప్పదు

పాత వాచీ చేతికి రాగానే నల్లగొండలోనైనా మహబూబ్‌నగర్‌లోనైనా మనవాళ్లు మొదట అడిగేది ఒకటే: "ఒరిజినలేనా?" అడిగి, జవాబు కోసం డయల్ మీది పేరు చదువుతారు. పేరు స్పష్టంగా ఉండి, ముళ్లు మెరుస్తూ, అద్దం మీద గీత లేకపోతే ఒరిజినల్ అని తేల్చేస్తారు. రంగు మాసి, అక్షరాలు సగం చెరిగిపోతే "దీన్నెవరో ఏదో చేశారు" అని పక్కన పెడతారు. నేను చూసినంతలో నిజం చాలాసార్లు దీనికి తలకిందులుగా ఉంటుంది. అరవై ఏళ్ల నాటి వాచీకి నిన్న అచ్చు వేసినట్టున్న డయల్ ఉందంటే, అది నిజంగానే నిన్న అచ్చు వేసింది అయ్యుంటుంది.

డయల్ అంటే పలుచటి లోహపు బిళ్ల, అంతే. పాత రంగు గీకేసి, కొత్తది పూసి, పేరు మళ్లీ అచ్చు వేయడం ముంబయిలో కొందరికి రోజువారీ పని. అలా తయారైన వాచీలకు విదేశాల్లోని సేకర్తలు 'ముంబయి స్పెషల్' అని పేరు కూడా పెట్టుకున్నారు. ఫేవర్ లూబా, సీకో, హెచ్‌ఎంటీ, మీకు ఏ పేరు కావాలంటే ఆ పేరు, ఏ రంగు కావాలంటే ఆ రంగు. ఈ పని చేసేవాళ్లు వెనక మూత లోపలి వైపు జోలికి మాత్రం దాదాపుగా పోరు. కొనేవాడు అక్కడ చూడడని వాళ్లకు తెలుసు. ఎవరూ చూడని చోట అబద్ధం ఆడాల్సిన పని ఎవరికీ పడదు. అందుకే నేనంటాను, ముందు మూత తెరిపించి లోపల చదవండి, చదవడానికి ఏదైనా మిగలాలంటే దానికి మెరుగు పెట్టించకండి. మొదటి మాటకు అందరూ తల ఊపుతారు. రెండో మాట దగ్గరే మా క్లాక్‌టవర్ సెంటర్‌లో నాకు పేచీలు.

చదవబోయే ముందు ఒక అపోహ వదిలించుకోవాలి. వాచీ మొత్తం ఒకే కంపెనీ ఒకే చోట చేస్తుందని మనం అనుకుంటాం. పాత రోజుల్లో లోపల తిరిగే మిషను ఒకరిది, దాన్ని పట్టి ఉంచే బయటి డొల్ల, అంటే కేసు, ఇంకొకరిది, డయల్ మీది పేరు అమ్మినవాడిది. అమెరికాలో వాల్తమ్, ఎల్జిన్ కంపెనీలు చాలాకాలం మిషన్లను విడిగా అమ్మాయి. కొనేవాడు నగల దుకాణంలో కూర్చుని తన స్థోమతకు తగ్గ కేసు ఎంచుకుంటే అక్కడికక్కడే బిగించి ఇచ్చేవారు. కీస్టోన్, క్రెసెంట్, వాడ్స్‌వర్త్ లాంటివి కేసులు మాత్రమే చేసిన కంపెనీలు. కాబట్టి కేసు మీది నంబరు, మిషను మీది నంబరు వేరువేరుగా ఉన్నాయని గాబరా పడనక్కర్లేదు. వాల్తమ్ మిషను మీద మూత తీస్తే 'ఎ.ఎల్.డి.' అన్న అక్షరాలు కనిపించాయని, ఇది అతుకుల బొంత అని ఒకాయన నాతో గట్టిగా వాదించాడు. ఆ అక్షరాలు ఆరన్ లఫ్కిన్ డెనిసన్‌వి. వాల్తమ్ కంపెనీకి పునాది వేసినవాళ్లలో ఒకడై, తర్వాత ఇంగ్లండ్ చేరి బర్మింగ్‌హామ్‌లో కేసుల వ్యాపారం పెట్టినవాడు ఆయనే. బ్రిటన్‌లో అమ్ముడైన వాల్తమ్ వాచీలు ఎన్నో డెనిసన్ కేసుల్లోనే వచ్చాయి. ఆ రెండు పేర్లూ కలిసి కనిపిస్తే అనుమానం పెరగకూడదు, తగ్గాలి.

డయల్ మీది పేరు సంగతికి పెద్ద ఉదాహరణ మన హైదరాబాద్‌లోనే ఉంది. సాలార్‌జంగ్ మ్యూజియంలో గంట కొట్టే బొమ్మను చూడటానికి జనం గుమిగూడే ఆ గడియారం మీద కుక్ అండ్ కెల్వీ పేరుంటుంది. వాళ్లు కలకత్తాలో నగలు, గడియారాలు అమ్మిన పెద్ద దుకాణదారులు. 1886లో బొంబాయిలో మొదలైన వెస్ట్ ఎండ్ వాచ్ కంపెనీదీ ఇదే దారి. వాళ్ల 'సోవార్ ప్రైమా' పేరు మన తాతల తరానికి బాగా తెలుసు, మూత తీస్తే కొన్నింట్లో లాంజీన్స్ మిషను ఉంటుంది.

ఇక లోపల ఏముంటుందో చెప్పాలంటే ఒక వాచీని దగ్గరగా చూడటమే మేలు. దేవరకొండ వైపు ఒక పాత పట్వారీ కుటుంబం దగ్గర వెండి జేబు గడియారం ఉంది. ఇంట్లో దాన్ని 'నిజాం బహుమతి' అంటారు. ఎవరికి ఇచ్చాడు, ఎందుకు ఇచ్చాడు అంటే ఒక్కొక్కరు ఒక్కో కథ చెప్తారు. వెనక మూత అంచున చిన్న పెదవి లాంటి చోట గోరు పెట్టి ఎత్తితే తెరుచుకుంటుంది. లోపల ఇంకో మూత, దాని కింద మిషను. రెండు మూతల లోపలి వైపూ ఒకే సంఖ్య కొట్టి ఉంది, అంటే ఈ రెండూ పుట్టినప్పటి నుంచీ జోడే. సంఖ్య పైన 0.800, దాని పక్కన ఆవగింజంత బొమ్మ. మామూలు కంటికి చుక్కలా కనిపించింది. రిపేరు చేసేవాళ్లు కంటికి బిగించుకునే భూతద్దంతో, వెలుతురు ఏటవాలుగా పడేట్టు పట్టుకుంటే తోక విప్పిన పక్షి తేలింది.

ఆ పక్షి స్విట్జర్లాండ్ ప్రభుత్వపు ముద్ర. అడవికోడి జాతిది. 1880లో చేసిన చట్టంతో అక్కడ వెండి, బంగారు వాచీ కేసులకు ప్రభుత్వ పరీక్ష వచ్చింది. వెయ్యికి 800 పాళ్ల వెండికి ఈ పక్షి, 875కి నిలబడ్డ ఎలుగుబంటి, 18 క్యారెట్ల బంగారానికి హెల్వీషియా అనే స్త్రీమూర్తి తల, 14 క్యారెట్లకు ఉడుత. బ్రిటన్‌లో 1887లో సరుకుల ముద్రల చట్టం వచ్చాక, అక్కడికి పంపే 935 వెండికి ఒకటి కాదు, మూడు ఎలుగుబంట్లను కొట్టారు. 1934లో ఈ ముద్రలను సవరించారు, 925 వెండికి బాతు వచ్చింది. అమ్రాబాద్ అడవుల్లో ఎలుగుబంటిని చూడని వాడు కూడా పాత వాచీల పిచ్చి పడితే నెల తిరగకుండా మూడింటిని లెక్కపెట్టడం నేర్చుకుంటాడు. ఈ ముద్రలు లోహం ఏమిటో, ఏ దేశంలో పరీక్షించారో చెప్తాయి, కొన్ని ఏ కాలానిదో కూడా చెప్తాయి. కేసు చేసినవాడి గుర్తు వీటికి వేరుగా ఉంటుంది. జెనీవాలోని ఫ్రాన్స్వా బోర్గెల్ కేసులే తీసుకోండి. 1891లో మరతో బిగించే కేసుకు పేటెంటు తీసుకున్నవాడు ఆయన. ఆయన కేసుల్లో ఎఫ్, బి అన్న రెండక్షరాలు, ఒక తాళంచెవి బొమ్మ ఉంటాయి. డయల్ మీద ఎవరి పేరున్నా సరే, ఆ గుర్తు కనిపిస్తే కేసు ఎవరి చేతిలో పుట్టిందో తెలిసిపోతుంది.

దేవరకొండ గడియారంలో పక్షి కంటే నన్ను ఎక్కువ సేపు కూర్చోబెట్టినవి గీతలు. ముద్రల చుట్టూ సూదిమొనతో గీసిన సన్నని గుర్తులు నాలుగైదు చోట్ల ఉన్నాయి. రిపేరుకు వచ్చిన ప్రతిసారీ పనివాడు తన గుర్తు, తేదీ ఇలా గీసుకునేవాడు. మళ్లీ వస్తే ఎప్పుడు శుభ్రం చేశాడో చూసుకోవడానికి. ఒక గీత ఉర్దూ అంకెల్లో ఉంది: 1341. హిజ్రీ అనుకుంటే 1922-23 అవుతుంది, నిజాం రాజ్యంలో సర్కారు లెక్కలు నడిచిన ఫస్లీ అనుకుంటే 1931-32. తొమ్మిదేళ్ల తేడా. ఉర్దూ మాధ్యమంలో చదువుకున్న ఆ ఇంటి పెద్దాయన భూతద్దం అడిగి తీసుకుని, అంకెల పక్కన నేను గీతలనుకున్న అక్షరాలను ఒక్క క్షణంలో చదివారు: "బహమన్". బహమన్ హిజ్రీ నెల కాదు. ఆజూర్, దై, బహమన్ అంటూ అక్టోబరులో మొదలయ్యే ఫస్లీ సంవత్సరంలో మూడో నెల. అంటే ఈ గడియారం 1931 డిసెంబరు ప్రాంతంలో ఎవరో ఉర్దూ తెలిసిన పనివాడి బల్ల మీద ఉంది. నిజాం బహుమతి కథను ఆ మూత బలపరచలేదు, కాదనీ అనలేదు. కానీ బహుమతి కథకు సాక్ష్యం లేదు, ఈ గీతకు ఉంది. నన్నడిగితే ఆ ఇంటివాళ్లు ఇకమీదట చెప్పుకోవాల్సిన కథ ఇదే.

ఇప్పుడు మెరుగు సంగతి. ఆ ఇంటి కుర్రవాడు నన్ను పిలిచింది అసలు "దీన్ని ఎక్కడ పాలిష్ చేయిస్తే బాగుంటుంది?" అని అడగడానికి. పట్టణంలో ఒక దుకాణం వాళ్లు లోపలా బయటా బఫింగ్ పట్టి అద్దంలా చేసిస్తామన్నారట. బఫింగ్ చక్రం మురికిని మాత్రమే తీస్తుందనుకోవడం భ్రమ. అది లోహాన్నే తింటుంది. ముద్ర లోతు ఎంతుంటుందనుకున్నారు? వెంట్రుక మందం కూడా ఉండని చోట్లున్నాయి. రెండుసార్లు పట్టిస్తే పక్షి మెడ పోతుంది, మూడోసారికి అదొక సొట్ట. గీతలు మొదటిసారికే పోతాయి. బయట వైపు అంచులు గుండ్రబడి, మూత సరిగ్గా కూర్చోక, దుమ్ము లోపలికి చేరుతుంది. పలుచటి వెండి కేసులకు మూలల్లో చిల్లులు పడటం కూడా చూశాను.

దుకాణం వాళ్లను ఆడిపోసుకోవడం నా ఉద్దేశం కాదు. మెరిసేది తెచ్చిస్తే డబ్బు ఇస్తాం, నల్లగా ఉన్నది తెచ్చిస్తే "ఏం చేశావయ్యా?" అంటాం. అడిగిందే వాళ్లు చేస్తున్నారు. "మరి పెళ్లిలో ఈ నల్లటిదాన్ని ఎలా పెట్టుకోమంటారు?" అని ఆ కుర్రవాడు అడిగాడు, న్యాయమైన ప్రశ్నే. మిషను తీయించి, ఖాళీ కేసును గోరువెచ్చటి సబ్బునీళ్లలో మెత్తటి బ్రష్‌తో కడిగి, బాగా ఆరబెట్టి, బయటి వైపు మాత్రం మెత్తటి నూలుగుడ్డతో రుద్దితే పెళ్లికి సరిపడా తెలుపు వస్తుంది. వెండి గిన్నెలకు వాడినట్టు చింతపండు, విభూతి మాత్రం వద్దు. విభూతి మెత్తగా కనిపిస్తుంది గానీ ముద్రల మీద అదీ ఆకురాయి పనే చేస్తుంది. లోపలి వైపు జోలికి అసలు పోకూడదు. అక్కడి నలుపును పెళ్లికి వచ్చినవాళ్లెవరూ చూడరు.

మెరుగు వల్ల డబ్బు నష్టం కూడా ఉంది, అది చెప్తే కొందరు త్వరగా వింటారు. రోల్డుగోల్డు కేసుల మూతలో '14 క్యారెట్' అని, దాని పక్కనే 'గ్యారంటీడ్ 20 ఇయర్స్' అని ఉంటుంది. మొదటి మాట చదివి బంగారమనుకుని తూకానికి పెట్టినవాళ్లను ఎరుగుదును. ఆ ఏళ్ల లెక్క పైపొర బంగారం అరిగిపోకుండా ఎన్నాళ్లుంటుందన్న హామీ, కింద ఉన్నది ఇత్తడి. అమెరికాలో ఇలా ఏళ్లు కొట్టడం 1924లో మాన్పించారు, కాబట్టి ఆ అంకె ఉన్న అమెరికా కేసు అంతకు ముందుదని పనిలో పనిగా వయసు కూడా తెలుస్తుంది. ఇలాంటి కేసుకు బఫింగ్ పెట్టించడమంటే ఉన్న కాస్త బంగారాన్ని డబ్బిచ్చి మరీ గీకించడం. చేతి వాచీల వెనక 'స్టెయిన్‌లెస్ స్టీల్ బ్యాక్' అని ఉంటే మూత ఒక్కటే స్టీలు, ముందు భాగం గిల్టు వేసిన ఇత్తడి అని అర్థం. దానిదీ అదే గతి.

ముద్రలు చదివేటప్పుడు చాలామంది తడబడే చోటు ఇంకొకటి. బ్రిటన్‌లో 1907 జూన్ నుంచి దిగుమతి వెండి, బంగారు కేసులను అక్కడి పరీక్షశాలల్లోనే పరీక్షించి ముద్ర కొట్టడం మొదలుపెట్టారు. ఆ కాలపు వాచీల్లో 'జి.ఎస్.' అన్న అక్షరాలు తరచుగా కనిపిస్తాయి. దాన్ని గొప్ప పనివాడి సంతకంగా చెప్పి అమ్ముతుంటారు. జార్జ్ స్టాక్‌వెల్ అనే ఆయన సరుకు రవాణా ఏజెంటు. విదేశీ కేసులను పరీక్షశాలకు చేర్చిన బాధ్యుడిగా అక్షరాలు వేయించాడంతే, ఒక్క కేసు కూడా చేసిన పాపాన పోలేదు. లోపలి మూత మీద వరసగా చెక్కిన పతకాలనూ నమ్మి మురిసిపోవద్దు. 1900 ప్యారిస్ ప్రదర్శన పతకం ఉంటే వాచీ 1900 తర్వాతిదని ఖాయంగా చెప్పవచ్చు, అంతకు మించి ఏమీ చెప్పలేం. చవక వాచీల వాళ్లు ఎవరికో వచ్చిన పతకాలను తమ మూతల మీద చెక్కించుకున్నారు.

మా దిక్కున ధర పెంచే మాటలు రెండున్నాయి: 'సంస్థానం వాచీ', 'రైల్వే వాచీ'. గద్వాల, వనపర్తి, కొల్లాపురం సంస్థానాల పేర్లు చెప్పి, మూత మీద ఏదో చిహ్నమో అక్షరాలో చూపిస్తారు. చెక్కడం పాతదా కొత్తదా అన్నది భూతద్దానికి దొరికిపోతుంది. ఎనభై ఏళ్లు జేబులో తిరిగిన మూత మీద సన్నని రాపిడి గీతలు వందలుంటాయి. చెక్కడం పాతదైతే ఆ గీతలు అక్షరాల అంచుల మీదుగా సాగిపోతాయి, అంచులు మొద్దుబారి ఉంటాయి, గాడిలో నల్లటి మట్టి గట్టిపడి ఉంటుంది. నిన్నటి చెక్కడమైతే అక్షరమే గీతలను తెగ్గొడుతుంది. అంచు పదునుగా గోటికి తగులుతుంది, గాడి అడుగు మెరుస్తుంది. మసి పూసినా, పూసింది నీళ్లకు వదిలేస్తుంది. ఈ పరీక్ష కూడా మెరుగు పట్టని మూత మీదే పనిచేస్తుందని వేరే చెప్పాలా? రైల్వే వాచీల సంగతి ఇంకా తేలిక. మూత మీద రైలింజను బొమ్మ ఉన్నదల్లా రైల్వే వాచీ కాదు. రోస్కాఫ్ అనే ఆయన 1867లో కూలివాడు కూడా కొనుక్కోగల చవక వాచీని తెచ్చాడు. ఆ బాపతు వాచీల మీద ఇంజను బొమ్మ అలంకారంగా విరివిగా వాడారు. మహబూబ్‌నగర్ మీదుగా మీటర్‌గేజి రైలు నడిచిన మాట నిజం, అందుకని ఇంజను బొమ్మ ఉన్న ప్రతి వాచీ స్టేషన్ మాస్టరు జేబులోది అయిపోదు.

ఇంతవరకు చదివి, నేను భాగాల స్వచ్ఛతకు పట్టుబట్టే మనిషినని అనుకుంటే పొరపాటు. ఆ వర్గంతోనూ నాకు పడదు. కీ ఇచ్చే బొడిపె మారిందని, అద్దం తర్వాత వేసిందని మంచి వాచీని చెత్తబుట్టలో వేసేవాళ్లు వాళ్లు. మన జిల్లాల్లో పెళ్లికొడుక్కి వాచీ, సైకిలు, రేడియో పెట్టిన కాలంలో వచ్చిన హెచ్‌ఎంటీ జనతాను తీసుకోండి. సిటిజన్ సహకారంతో 1961లో బెంగళూరులో మొదలైన ఫ్యాక్టరీ సరుకు. నలభై ఏళ్లు పొలానికీ కచేరీకీ కట్టుకు తిరిగిన వాచీకి అద్దం మారుతుంది, బొడిపె మారుతుంది, స్ప్రింగు తెగుతుంది, పట్టీ సంగతి చెప్పనే అక్కర్లేదు. ఇవి అరగడానికే ఉన్న భాగాలు. వీటిని మార్చినంత మాత్రాన వాచీ అసలుతనం పోదు. కేసు, మిషను, డయల్ ఈ మూడూ కలిసి పుట్టాయా అన్నదే నేను చూస్తాను. ముళ్లు అటూ ఇటూ కానివి, డయల్ మీద చీకట్లో మెరిసే పూతకూ ముళ్ల మీది పూతకూ రంగు కలవకపోతే అడుగుతాను, అంతే.

ఆ మూడూ కలిసి పుట్టాయో లేదో కేసే చెప్తుంది. అమెరికా జేబు గడియారాల్లో మిషనును కేసు అంచుకు మరలతో బిగిస్తారు. మర తల ఒత్తుకున్న చోట చిన్న గుర్తు పడుతుంది. ఇప్పుడున్న మరల కింద కాకుండా వేరే చోట ఇంకో జత గుర్తులుంటే ఈ కేసులో మునుపు వేరే మిషను కాపురం చేసిందని లెక్క. బంగారు కేసులు కరువు రోజుల్లో కంసాలి కుంపటికి పోయి, మిషన్లు మాత్రం మిగిలి వేరే కేసుల్లో చేరిన సందర్భాలు ఎక్కువ. దాన్ని మోసమని నేను అనను, అమ్మేవాడు ఆ సంగతి చెప్పకపోతేనే మోసం. దుబాయి నుంచి తెచ్చిన సీకో ఫైవ్‌లకు ఈ తిప్పలే లేవు. వెనక మూత మీద నాలుగంకెల మిషను నంబరు, గీత, తర్వాత కేసు నంబరు ఉంటాయి. మూత మీద 7009 అని ఉంటే మిషను 7009 కావాలి, డయల్ కింది అంచున కంటికి ఆనని అక్షరాల్లో కూడా మొదట 7009 ఉండాలి. ఆరంకెల సీరియల్ నంబరులో మొదటిది సంవత్సరపు చివరి అంకె, రెండోది నెల. అక్టోబరు, నవంబరు, డిసెంబరులకు ఓ, ఎన్, డి అక్షరాలు. సీకో సహకారంతోనే వాచీలు చేసిన మన హైదరాబాద్ ఆల్విన్ గురించి ఇంకోసారి విడిగా రాయాలి. హెచ్‌ఎంటీ వాచీల విభాగాన్ని మూసేయాలని 2016లో నిర్ణయం జరిగాక పాత పైలట్, జనతా మోడళ్ల గిరాకీ పెరిగింది. దాంతో పాటే ఎర్రటి, ఊదా రంగు పైలట్లు పుట్టుకొచ్చాయి. కేసు అరిగి అంచులు గుండ్రబడి ఉంటుంది, డయల్ మాత్రం తళతళలాడుతుంది. ఒకే వాచీలో ఈ రెండు వయసులూ కనిపించినప్పుడు బేరం అక్కడితో ఆపేయండి.

పాత వాచీని రిపేరుకు ఇచ్చే ముందు మూత లోపలి వైపు ఫోటో తీసి పెట్టుకోండి, ఎండ ఏటవాలుగా పడే కిటికీ దగ్గరైతే ఫోను కెమెరా చాలు. మార్చిన భాగాలను పొట్లం కట్టి ఇవ్వమని అడగండి, విరిగినవైనా సరే. ఇంకో సంగతిలో మాత్రం నాతో ఏకీభవించేవాళ్లు తక్కువ. ఈ రోజుల్లో పనివాళ్లు గీత గీయడం మానేసి, మార్కర్ పెన్నుతో మూత లోపల పెద్దగా నంబరు రాస్తున్నారు. ఆ సిరా తుడిస్తే పోతుంది, తుడవకపోతే ముద్రల మీదికి పాకుతుంది. సేకర్తల్లో ఎక్కువ మంది అసలు ఏమీ రాయొద్దంటారు. నేనైతే మా పనివాడిని సూదితోనే గీయమంటాను: ముద్రలకు దూరంగా, అంచుకు దగ్గరగా, తన పేరు మొదటి అక్షరం, నెల, సంవత్సరం. "వాచీ పాడవుతుంది సార్" అని అతను మొదట్లో జంకేవాడు. 1341 బహమన్ ఫోటో చూపించాక అడగకుండానే గీస్తున్నాడు, కాకపోతే మరీ పెద్ద అక్షరాలు. ఆ విషయంలో ఇంకా వాదించుకుంటున్నాం.